కెనడా ప్రెయిరీ మైదానాల్లోని చిన్న ఊరిలో అద్దె ఇల్లు: వెతకడం నుంచి మొదటి చలికాలం దాటేదాకా

"కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఆన్‌లైన్‌లో ఎంత వెతికినా ఆ ఊరిలో ఒక్క అద్దె ఇల్లూ కనిపించడం లేదు. ఏం చేయాలి?" ఈ ప్రశ్న మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లలో నర్సులున్నారు, ట్రక్కు డ్రైవర్లున్నారు, పొటాష్ గనుల్లో పనికి కుదిరినవాళ్లు, హోటల్ వంటవాళ్లు ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు పూర్తిగా ఒకచోట రాస్తున్నాను.

టొరంటోలోనో హైదరాబాద్‌లోనో ఇల్లు వెతికిన అనుభవం ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఈ ఊళ్లలో ఇల్లు వెబ్‌సైట్‌లో దొరకదు, మనుషుల ద్వారా దొరుకుతుంది. అద్దె తక్కువగా కనిపిస్తుంది గాని, చలికాలపు గ్యాస్ బిల్లు, కారు ఖర్చు కలిపితేనే అసలు లెక్క తేలుతుంది. ఈ రెండూ ముందే తెలిసినవాళ్లు బాగానే స్థిరపడుతున్నారు. తెలియనివాళ్లు జనవరిలో చల్లని బేస్‌మెంట్‌లో (నేల కింది అంతస్తులో) కూర్చుని తిరిగి వెళ్లిపోదామా అని ఆలోచిస్తున్నారు. అలా జరగకూడదనే నా తాపత్రయం.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా సస్కాచెవాన్‌కు వర్తిస్తుంది. మానిటోబా, అల్బర్టాలలో చట్టం తేడాగా ఉన్నచోట విడిగా చెబుతాను. మిగతాదంతా మూడు రాష్ట్రాలకూ దాదాపు ఒకటే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఉద్యోగం ఇచ్చిన సంస్థ నుంచి జీతం, చేరే తేదీ ఉన్న లేఖ. కొత్తగా వచ్చినవాళ్లకు కెనడాలో క్రెడిట్ చరిత్ర ఉండదు కాబట్టి ఇంటి యజమానికి ఈ లేఖే భరోసా.
- ఇంతకు ముందు అద్దెకున్న ఇంటి యజమాని పేరు, ఫోన్ నంబరు. ఇండియాలో అయినా పర్వాలేదు. ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాయించుకుంటే ఇంకా మంచిది.
- కనీసం మూడు నెలల అద్దెకు, ఇంటి ఖర్చులకు సరిపోయే డబ్బు. కారు కొనడానికి వేరుగా కొంత.
- పాస్‌పోర్టు, వర్క్ పర్మిట్ లేదా పర్మనెంట్ రెసిడెన్సీ పత్రాలు, ఇండియా డ్రైవింగ్ లైసెన్సు.
- కెనడా ఫోన్ నంబరు. ఇక్కడివాళ్లు తెలియని విదేశీ నంబరుకు తిరిగి ఫోన్ చేయరు.

1. ఇంటికన్నా ముందు ఊరిని పరిశీలించండి

సస్కాచెవాన్ లెక్కలో 500 మంది ఉంటే టౌన్ కావచ్చు, 5,000 మంది ఉంటే సిటీ కావచ్చు. కాబట్టి "టౌన్" అన్నారని మన తాలూకా కేంద్రంలాంటిది ఊహించుకోకండి. మ్యాప్ తెరిచి నాలుగు దూరాలు రాసుకోండి: పని చేసే చోటు, కిరాణా దుకాణం, ఎమర్జెన్సీ విభాగం ఉన్న ఆసుపత్రి, దగ్గరలోని పెద్ద నగరం. రోజ్‌టౌన్ నుంచి సస్కటూన్‌కు సుమారు 115 కిలోమీటర్లు, కిండర్స్లీ నుంచి సుమారు 200. వేసవిలో ఇది హాయిగా సాగే ప్రయాణం. మంచు తుపానులో రోడ్డు మూసేస్తే ఆ రోజుకు ప్రయాణమే ఉండదు.

ఆసుపత్రి గురించి మరింత జాగ్రత్తగా అడగండి. చిన్న ఊళ్లలో సిబ్బంది కొరత వల్ల ఎమర్జెన్సీ విభాగాలు కొన్ని రోజులు మూసి ఉండటం ఇటీవలి సంవత్సరాల్లో మామూలైపోయింది. గర్భిణి ఉన్న కుటుంబమైతే ప్రసవం ఏ ఊరి ఆసుపత్రిలో జరుగుతుందో ముందే తెలుసుకోవాలి. చాలా చిన్న ఆసుపత్రుల్లో ప్రసవాలు చేయరు.

2. ఏ నెలలో రావాలన్నది మీ చేతిలో ఉంటే మే నుంచి సెప్టెంబరు లోపు రండి

చలికాలంలో ఇళ్లు మారేవాళ్లు తక్కువ కాబట్టి ఖాళీలూ తక్కువే. పైగా వేసవిలో వస్తే లైసెన్సు పరీక్ష, కారు కొనడం, రోడ్లు అలవాటు కావడం అన్నీ మంచు పడకముందే పూర్తవుతాయి.

ఒక సంగతి. చాలామంది ఇంటి యజమానులు రైతులే. మేలో విత్తనాలు, ఆగస్టు, సెప్టెంబరుల్లో కోతలు. ఆ రోజుల్లో పగటిపూట వాళ్లు ఫోన్ ఎత్తరు. వాన పడిన రోజున చేయండి, పలుకుతారు. ఇండియా నుంచి చేస్తుంటే సమయం గుర్తుపెట్టుకోవడం తేలిక. సస్కాచెవాన్‌లో గడియారాలను వేసవికి, చలికాలానికి మార్చరు. ఏడాది పొడవునా మనకన్నా పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ ఉదయం 9 అయితే ఇండియాలో రాత్రి 8:30.

3. మనుషుల ద్వారా వెతకండి

ప్రకటనల వెబ్‌సైట్ కిజిజీ, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ చూడండి, కానీ వాటితో ఆగిపోకండి. నేను సూచించే వరస ఇది:

- మొదట, ఉద్యోగం ఇచ్చిన సంస్థ. "ఇదివరకు వచ్చినవాళ్లు ఎక్కడ అద్దెకున్నారు?" అని సూటిగా అడగండి. చిన్న ఊళ్లలో ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ఇల్లు దొరక్కపోతే మనిషి నిలవడని తెలుసు.
- తర్వాత, టౌన్ ఆఫీసు. అక్కడ పనిచేసే ఇద్దరు ముగ్గురికి ఊరిలో ఏ ఇల్లు ఖాళీగా ఉందో, ఎవరు అద్దెకు ఇస్తారో తెలిసే ఉంటుంది. ఊరి బయట పొలాల్లోని ఇళ్ల కోసం రూరల్ మునిసిపాలిటీ ఆఫీసుకు ఫోన్ చేయాలి.
- కో-ఆప్ (సహకార సంఘం) దుకాణం, పోస్టాఫీసుల్లోని నోటీసు బోర్డులు. అద్దె ప్రకటన కాగితం మీద రాసి అతికించే ఊళ్లు ఇంకా ఉన్నాయి.
- ఊరి ఫేస్‌బుక్ గ్రూపు. ఖాళీలు ఉన్నాయా అని అడగడం కన్నా మీ గురించి నాలుగు వాక్యాలు రాయడం ఎక్కువ పని చేస్తుంది: ఏ పనికి వస్తున్నారు, ఎంతమంది, ఏ నెల, పొగ తాగుతారా, పెంపుడు జంతువులున్నాయా.

దొరక్కపోతే? ప్రత్యామ్నాయాలు రెండు. ఊరిలోని మోటెల్‌లో నెలవారీ ధరకు మాట్లాడుకుని నెలా రెండు నెలలు ఉండి, అక్కడి నుంచే వెతకడం. లేదా అరగంట దూరంలోని మరో ఊరిలో ఉండటం. మొదటిదే మంచిదని నా అభిప్రాయం. మీ ముఖం తెలిశాక తలుపులు తెరుచుకుంటాయి. ఎక్కడా ప్రకటించని ఇళ్లు అప్పుడే బయటపడతాయి.

హెచ్చరిక: ఇల్లు చూడకుండా, చూసేవాళ్లను పంపకుండా డబ్బు పంపవద్దు. "నేను వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను" అన్నవాడు మోసగాడే. ఇంటరాక్ ఈ-ట్రాన్స్‌ఫర్ (కెనడా బ్యాంకుల్లో ఈమెయిల్‌తో డబ్బు పంపే పద్ధతి) ద్వారా పంపిన డబ్బును అవతలివాళ్లు ఒకసారి జమ చేసుకున్నాక వెనక్కు రప్పించలేరు. మీరు రాలేకపోతే కాబోయే సహోద్యోగి ఒకరిని వెళ్లి చూడమని అడగండి. చిన్న ఊళ్లలో ఈ సాయం అడగడం తప్పుగా ఎవరూ అనుకోరు. అదీ కుదరకపోతే వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించమనండి. కుళాయిలు తిప్పించండి, బేస్‌మెంట్‌లోకి దిగమనండి, చివర బయటికొచ్చి వీధి పేరు బోర్డు చూపించమనండి.

ఉద్యోగం ఇచ్చినవాళ్లే ఇల్లు కూడా ఇస్తామంటే సంతోషించండి గాని, అద్దె ఒప్పందం వేరే కాగితం మీద ఉండాలి. జీతంలోంచి ఎంత కోస్తారో, ఉద్యోగం మానేస్తే ఇంట్లో ఎన్నాళ్లు ఉండవచ్చో అందులో రాయించండి.

4. అద్దె కాదు, నెల ఖర్చు లెక్క వేయండి

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. ఎక్కువమంది దెబ్బతినేది ఈ లెక్క దగ్గరే.

అద్దెలో ఏమేమి కలిసి ఉన్నాయో ఒక్కొక్కటి పేరు పెట్టి అడగండి: కరెంటు, గ్యాస్, నీరు, చెత్త, ఇంటర్నెట్, మంచు తొలగించడం, గడ్డి కోయడం. "అన్నీ కలిపే" అన్న మాటను నమ్మకండి. ఒప్పందంలో ఒక్కొక్కటీ రాసి ఉండాలి.

సస్కాచెవాన్‌లో కరెంటు ఎక్కువ చోట్ల సస్క్‌పవర్, గ్యాస్ సస్క్‌ఎనర్జీ సరఫరా చేస్తాయి. రెండూ ప్రభుత్వ సంస్థలే. ఆ ఇంటికి గత జనవరి, ఫిబ్రవరి నెలల్లో గ్యాస్ బిల్లు ఎంత వచ్చిందో యజమానిని అడగండి. కాగితం చూపించమనండి. బయట మైనస్ 30 డిగ్రీలున్నప్పుడు పాత చెక్క ఇల్లు, గోడల్లో ఇన్సులేషన్ సరిగా లేనిది, ఎంత గ్యాస్ మింగుతుందో వేసవిలో చూస్తే అర్థం కాదు. ఇద్దరు యజమానులు ఒకే అద్దె చెప్పినా, చలికాలపు బిల్లులో ఒక ఇల్లు ఇంకోదానికి రెట్టింపు కావచ్చు. ఏడాది మొత్తం బిల్లును పన్నెండు సమాన భాగాలుగా కట్టే పద్ధతి సస్క్‌ఎనర్జీలో ఉంది. నెల జీతం మీద బతికేవాళ్లకు అది ఊరట.

పొలంలోని ఇల్లయితే గ్యాస్ పైపు ఉందో లేదో అడగండి. ప్రొపేన్ ట్యాంకు నింపించుకోవలసిన ఇల్లయితే ఆ ఖర్చు మీదా, యజమానిదా? ఒక్కసారి ట్యాంకు నింపితేనే పెద్ద మొత్తం అవుతుంది.

దీనికి కారు ఇన్సూరెన్సు, పెట్రోలు, అద్దెదారు ఇన్సూరెన్సు కలపండి. అప్పుడు వచ్చిన మొత్తాన్ని నగరంలో అపార్ట్‌మెంట్ అద్దెతో పోల్చండి. చాలాసార్లు చిన్న ఊరే గెలుస్తుంది, కానీ మీరు మొదట అనుకున్నంత తేడాతో కాదు.

5. ఇల్లు చూసేటప్పుడు బేస్‌మెంట్ నుంచి మొదలుపెట్టండి

మనకు హాలు, వంటగది చూడటం అలవాటు. ప్రెయిరీ ఇంటి ఆరోగ్యం కింద తెలుస్తుంది.

- బేస్‌మెంట్ గోడల మీద తడి గీతలు, తెల్లటి పొడి, ముక్కిన వాసన ఉన్నాయా? ఏప్రిల్‌లో మంచు కరిగినప్పుడు నీళ్లు వస్తాయా, నీటిని బయటికి తోడే సంప్ పంపు ఉందా, పనిచేస్తోందా?
- ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేస్‌ను చివరిసారి ఎప్పుడు సర్వీసు చేయించారు? పక్కనే కాగితం అంటించి ఉంటుంది, తేదీ చదవండి. ఫిల్టరు బయటికి తీసి చూడండి. నల్లగా ఉంటే ఇంటిని పట్టించుకోలేదని అర్థం.
- పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ ఉన్నాయా? బటన్ నొక్కి మోగించండి.
- కిటికీ అంచుల దగ్గర అరచేయి పెట్టి గాలి వస్తోందేమో చూడండి. చట్రాల చెక్క నల్లబడి ఉంటే చలికాలంలో అక్కడ నీరు కారుతోందన్న మాట.
- బేస్‌మెంట్‌లో పడకగది ఉంటే దాని కిటికీలోంచి మనిషి బయటపడగలడా? నిప్పు అంటుకుంటే అదే దారి.
- పొయ్యి మీది ఫ్యాన్ పొగను బయటికి పంపుతుందా, లేక వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుందా? రోజూ తాలింపు పెట్టే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. బయట మైనస్ 35 ఉన్నప్పుడు కిటికీ తెరిచి వంట చేయలేరు.
- బయట కారు నిలిపే చోట కరెంటు ప్లగ్ ఉందా? ఎందుకో తొమ్మిదో మెట్టులో చెబుతాను.
- మొబైల్ సిగ్నల్ ఇల్లంతా తిరిగి చూడండి.

నీళ్ల గురించి వేరుగా అడగాలి. ఊరి నీటికి మరిగించి తాగాలన్న హెచ్చరిక ఏదైనా అమల్లో ఉందా అని టౌన్ ఆఫీసును అడగండి. పొలంలోని ఇల్లయితే నీరు బావిదా, ట్యాంకర్‌తో నింపే తొట్టిదా, చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు? పసిపిల్లలున్న ఇంటికి బావి నీటిలో నైట్రేట్ పరీక్ష తప్పనిసరిగా అడగండి. సెప్టిక్ ట్యాంకును ఎప్పుడు ఖాళీ చేయించారో, ఆ ఖర్చు ఎవరిదో కూడా.

ఇంకొకటి, రేడాన్. నేలలోంచి వచ్చే ఈ వాయువు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. రంగు, వాసన ఏమీ ఉండవు. ప్రెయిరీ ఇళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఘనపు మీటరుకు 200 బెకరెల్‌లు దాటితే తగ్గించే ఏర్పాటు చేయాలని హెల్త్ కెనడా చెబుతోంది. ఇల్లు చూడటానికి వెళ్లిన రోజున ఇది తేలదు. చేరిన తర్వాత చలికాలంలో మూడు నెలలు పరీక్ష పరికరం పెట్టాలి. యజమాని ఇదివరకే చేయించి ఉంటే ఫలితం చూపించమనండి. బేస్‌మెంట్‌లో పడుకోబోతున్నవాళ్లు దీన్ని దాటవేయవద్దు.

6. ఒప్పందం, అడ్వాన్సు

సస్కాచెవాన్‌లో అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించకూడదు. అందులో సగం మొదట ఇవ్వాలి, మిగతా సగం చేరిన రెండు నెలల లోపు. మానిటోబాలో అడ్వాన్సు అర నెల అద్దెకు మించకూడదు, అల్బర్టాలో ఒక నెల అద్దెకు మించకూడదు. కొత్తవాళ్లన్న కారణంతో ఆరు నెలల అద్దె ముందే అడిగితే మర్యాదగా చట్టం గుర్తుచేయండి.

అద్దె పెంపు విషయంలో మూడు రాష్ట్రాలూ మూడు దారులు. మానిటోబాలో ప్రభుత్వం ఏటా పరిమితి ప్రకటిస్తుంది. 2025లో అది 1.7 శాతంగా ఉండేది. అల్బర్టాలో ఎంతైనా పెంచవచ్చు గాని ఏడాదికి ఒక్కసారే. సస్కాచెవాన్‌లో పరిమితి లేదు. నెలవారీ ఒప్పందమైతే పెంచే ముందు చాలా నెలల నోటీసు ఇవ్వాలి, గడువున్న ఒప్పందమైతే మధ్యలో ఇష్టం వచ్చినట్టు పెంచలేరు. కాబట్టి మొదటి ఏడాదికి గడువున్న ఒప్పందం మేలని నేను చెబుతాను. ఉద్యోగం నిలుస్తుందో లేదో సందేహం ఉంటే మాత్రం నెలవారీ తీసుకోండి. ఒక నెల నోటీసుతో ఖాళీ చేయవచ్చు.

చేతులు కలిపి "కాగితం ఎందుకులే" అనే యజమానులు ఈ ఊళ్లలో ఎక్కువ. వాళ్లలో చాలామంది నిజంగా మంచివాళ్లు. అయినా కాగితం అడగండి. హెల్త్ కార్డుకు చిరునామా రుజువుగా కూడా అది పనికొస్తుంది, కాబట్టి అడగడం ఇబ్బందిగా అనిపిస్తే ఆ కారణమే చెప్పండి. అద్దె నగదుగా ఇస్తే ప్రతిసారీ రసీదు తీసుకోండి.

తాళాలు తీసుకున్న రోజునే ఇంటి స్థితి నివేదిక ఇద్దరూ కలిసి నింపి సంతకం చేయాలి. గీతలు, మరకలు, పగుళ్లు అన్నీ తేదీ కనిపించేలా ఫోటోలు తీసి యజమానికి ఈమెయిల్ చేయండి. అడ్వాన్సు తిరిగి రావడం ఈ పది నిమిషాల పని మీదే ఆధారపడుతుంది.

హెచ్చరిక: సస్కాచెవాన్‌లో అద్దె 15 రోజులు ఆలస్యమైతే యజమాని వెంటనే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. జీతం ఆలస్యమయ్యేలా ఉంటే ముందే చెప్పి, ఆయన ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. వివాదం వస్తే ఆఫీస్ ఆఫ్ రెసిడెన్షియల్ టెనెన్సీస్‌కు వెళ్లాలి. మీ జాతి, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించడం చట్టవిరుద్ధం. దానికి సస్కాచెవాన్ మానవ హక్కుల కమిషన్ ఉంది.

7. చేరేలోపు కనెక్షన్లు

కరెంటు, గ్యాస్ ఖాతాలు చేరే తేదీ నుంచి మీ పేరు మీదకు మారాలి. కనీసం వారం ముందే ఫోన్ చేయండి. క్రెడిట్ చరిత్ర లేనివాళ్లను డిపాజిట్ అడగవచ్చు. నీటి కనెక్షన్ టౌన్ ఆఫీసులో రాయించుకోవాలి, చెత్త తీసుకెళ్లే రోజు కూడా అక్కడే కనుక్కోండి. అద్దెదారు ఇన్సూరెన్సు మొదటి రోజు నుంచే తీసుకోండి. యజమాని ఇన్సూరెన్సు మీ సామాన్లకు వర్తించదు.

8. చిరునామా, ఉత్తరాలు

చాలా చిన్న ఊళ్లలో ఉత్తరాలు ఇంటికి రావు. పోస్టాఫీసులో పెట్టె నంబరు తీసుకోవాలి. పోస్టులో వచ్చేవాటికి పెట్టె నంబరు, కొరియర్‌లో వచ్చేవాటికి వీధి చిరునామా ఇవ్వాలి. ఇవి తారుమారు చేసి, బ్యాంకు కార్డులు, ఇమిగ్రేషన్ ఉత్తరాలు తిరిగి వెళ్లిపోయినవాళ్లు ఎందరో. ఏ పద్ధతిలో వస్తుందో తెలియనప్పుడు రెండూ రాయండి.

పొలంలోని ఇంటికి వీధి పేరే ఉండకపోవచ్చు. క్వార్టర్, సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్, మెరిడియన్ అనే వరసలో భూమి గుర్తింపు ఉంటుంది. ఒక సెక్షన్ అంటే మైలు పొడవు, మైలు వెడల్పు, అంటే 640 ఎకరాలు. అందులో నాలుగో వంతు 160 ఎకరాలు. ఆ గుర్తింపును, అత్యవసర చిరునామా నంబరు ఉంటే దాన్నీ, పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపు మీద అతికించండి. 911కు ఫోన్ చేసిన కంగారులో అది గుర్తుండదు. పిల్లలకు కూడా చూపించండి.

9. కారు లేకుండా కుదరదు

సస్కాచెవాన్ ప్రభుత్వ బస్సు సంస్థను 2017లో మూసేశారు. 2018లో గ్రేహౌండ్ కూడా పశ్చిమ కెనడా నుంచి దాదాపు పూర్తిగా తప్పుకుంది. చిన్న ఊళ్లకు ఆ సౌకర్యం తిరిగి రాలేదు. కొత్తగా స్థిరపడినవాళ్లు 90 రోజుల లోపు సస్కాచెవాన్ లైసెన్సు తీసుకోవాలి. ఇండియా లైసెన్సును నేరుగా మార్చి ఇవ్వరు, పరీక్షలు రాయాలి, నడిపి చూపించాలి. పరీక్ష తేదీలు తొందరగా దొరకవు కాబట్టి వచ్చిన వారంలోనే దరఖాస్తు చేయండి.

మైనస్ 15 డిగ్రీల కన్నా చల్లబడితే ఇంజిన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్‌ను ప్లగ్‌లో పెట్టాలి. ఇంటి బయట ప్లగ్ చూడమన్నది ఇందుకే. బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందు పెడితే చాలు, చౌకలో దొరికే టైమర్ వాడండి. కొనే కారుకు బ్లాక్ హీటర్ ఉందో లేదో ముందు భాగంలో వేలాడే ప్లగ్ తీగ చూస్తే తెలుస్తుంది. వెచ్చటి ప్రాంతాల నుంచి తెచ్చిన కార్లకు ఉండకపోవచ్చు. చలికాలపు టైర్లు తప్పక వేయించండి.

కారులో దుప్పటి, పార, టార్చి, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, ఖాళీ డబ్బా, తినడానికేమైనా, బ్యాటరీ కేబుళ్లు ఎప్పుడూ ఉండాలి. బయలుదేరే ముందు రోడ్ల పరిస్థితి చెప్పే హైవే హాట్‌లైన్ చూడండి. దారిలో మంచులో కూరుకుపోతే కారు దిగి నడవకండి. కారులోనే ఉండి, పొగ గొట్టం చుట్టూ మంచు తీసేసి, కిటికీ కొద్దిగా తెరిచి, గంటకు పది నిమిషాల చొప్పున ఇంజిన్ నడపండి. తెల్లటి తుపానులో వంద గజాల దూరంలోని ఇంటిని కూడా చేరలేక చనిపోయినవాళ్లు ఈ నేలలో ఉన్నారు.

10. చలికాలంలో ఇంటిని నడపడం

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాట్లు ఇక్కడే.

నేల మీద జాలీల్లోంచి వెచ్చటి గాలి వస్తుంది. వాటి మీద పరుపులు, బియ్యం బస్తాలు పెట్టకండి. గది చల్లబడుతుంది, ఫర్నేస్ ఆగకుండా నడుస్తుంది, బిల్లు పెరుగుతుంది.

గోడ బయట తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు రెండు కనిపిస్తే అవి ఫర్నేస్ పీల్చే, వదిలే గాలి దారులు. ప్రతి మంచు తుపాను తర్వాత వాటి ముందు మంచు తీయండి. మూసుకుపోతే ఫర్నేస్ ఆగిపోతుంది, ఇంట్లో విషవాయువు చేరే ప్రమాదమూ ఉంది.

ప్రెషర్ కుక్కర్, ఇంట్లో ఆరేసిన బట్టలు, మూసిన కిటికీలు: ఈ మూడూ కలిస్తే అద్దాల మీద నీరు, తర్వాత మంచు, తర్వాత బూజు. వండేటప్పుడు, స్నానం చేసేటప్పుడు ఫ్యాన్ వేసి, ఆ తర్వాత కూడా కాసేపు ఉంచండి. పగటిపూట కర్టెన్లు తీసి పెట్టండి. బూజును మీ తప్పుగా లెక్కగట్టి అడ్వాన్సులో కోస్తామనే యజమానులుంటారు. కనిపించిన రోజునే ఫోటో తీసి తెలియజేయండి.

ఊరెళ్లేటప్పుడు ఫర్నేస్ ఆపకండి. 15 డిగ్రీల దగ్గర ఉంచి, రోజూ ఒకసారి చూసి వెళ్లమని పక్కింటివాళ్లకు తాళం ఇవ్వండి. పైపుల్లో నీరు గడ్డకట్టి పగిలితే ఇల్లంతా మునుగుతుంది. మంచు మొదలయ్యేలోపే బయటి కుళాయికున్న పైపు విప్పేయండి. వాడిన నూనె సింకులో పోయకండి, సెప్టిక్ ట్యాంకున్న ఇంట్లో అసలే పోయకండి.

సరుకుల కోసం ఒక పెద్ద ఫ్రీజర్ కొనుక్కోండి. రిజైనాలో, సస్కటూన్‌లో ఇండియన్ దుకాణాలున్నాయి. నెలకొకసారి వెళ్లి బియ్యం, కందిపప్పు, చింతపండు తెచ్చుకోవచ్చు, కరివేపాకు ఫ్రీజర్‌లో చాలాకాలం నిలుస్తుంది. ఎర్ర మసూర్ పప్పుకు మాత్రం మీరు దాని పుట్టింట్లోనే ఉంటారు. కెనడా పండించే మసూర్‌లో అత్యధిక భాగం సస్కాచెవాన్ పొలాల్లోదే, ఇండియాకు ఎగుమతయ్యేదీ ఇక్కడి నుంచే. జూలైలో మీ ఊరి చుట్టూ మోకాలి ఎత్తున పచ్చగా కనిపించే చేలలో అదీ ఉంటుంది.

11. మొదటి నెలలో మనుషులను కలవండి

గ్రిడ్ రోడ్డు (పొలాల మధ్య రోడ్డు) మీద ఎదురొచ్చే డ్రైవరు స్టీరింగ్ మీంచి వేళ్లెత్తి పలకరిస్తాడు. మీరూ ఎత్తండి. శరదృతువులో ఊరి హాలులో సామూహిక విందు జరుగుతుంది, టికెట్టు కొని వెళ్లండి. మాంసం తిననివాళ్లకు బంగాళాదుంపలు, కూరగాయలు, పైలు ఉంటాయి. లైబ్రరీ కార్డు తీసుకోండి, పిల్లలుంటే ఐస్ రింకుకు తీసుకెళ్లండి. మర్యాద కోసమే ఇది చెప్పడం లేదు. ఫర్నేస్ మెకానిక్, మంచు తీసే ట్రాక్టరు, తర్వాతి మంచి ఇల్లు, మూడూ ఈ పరిచయాల్లోంచే వస్తాయి.

సరిగ్గా కుదిరిందా? ఇలా చూసుకోండి

- మొదటి మైనస్ 25 రాత్రి ప్రతి గదిలో థర్మామీటరు పెట్టండి. గదికీ గదికీ నాలుగైదు డిగ్రీల కన్నా తేడా ఉంటే జాలీలు, కిటికీలు చూడండి. అయినా వెచ్చబడకపోతే యజమానికి రాతపూర్వకంగా చెప్పండి.
- డిసెంబరు గ్యాస్ బిల్లును యజమాని చూపించిన పాత బిల్లుతో పోల్చండి. డబ్బు మొత్తం కాదు, వాడిన గ్యాస్ పరిమాణం చూడండి. చాలా ఎక్కువుంటే ఫిల్టరు మార్చి మళ్లీ చూడండి.
- హెల్త్ కార్డు, లైసెన్సు, బ్యాంకు కార్డు మూడూ పోస్టు పెట్టెకు వచ్చాయా?
- రాత్రి 2 గంటలకు బిడ్డకు జ్వరం వస్తే ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లాలో ఇంట్లో అందరికీ తెలుసా? నర్సు సలహా కోసం 811 ఉందని తెలుసా?
- మైనస్ 30లో మీ కారు మొదటిసారికే స్టార్ట్ అవుతోందా?
- ఏప్రిల్‌లో మంచు కరిగే వారం బేస్‌మెంట్‌లోకి రోజూ దిగి గోడల అడుగు భాగం తడిమి చూడండి. తడి తగిలితే సామాన్లు నేల మీంచి ఎత్తి, ఫోటో తీసి, ఆ రోజే చెప్పండి.
- ఖాళీ చేసేటప్పుడు స్థితి నివేదిక మళ్లీ ఇద్దరూ కలిసి నింపాలి, కొత్త చిరునామా రాసివ్వాలి. సస్కాచెవాన్‌లో యజమాని ఏడు పనిదినాల లోపు అడ్వాన్సు తిరిగివ్వాలి, లేదా ఎందుకు ఇవ్వడం లేదో రాతపూర్వకంగా తెలపాలి. ఆ గడువు దాటితే చేరిన రోజున పంపిన ఫోటోల ఈమెయిల్ జతచేసి ఆఫీస్ ఆఫ్ రెసిడెన్షియల్ టెనెన్సీస్‌కు దరఖాస్తు పెట్టండి.